బావిలో దేవత, బావిలో దోమ

అమీరుపేట కూడలినుండి కొలది దూరము నడచి బల్కంపేట చేరినవారికి ఎల్లమ్మ తల్లి దేవాలయము కానవచ్చును. తక్కిన గుడులలో మెట్లెక్కి దేవుని దర్శింతుము. ఇచ్చట తల వంచి క్రిందికి చూడవలెను. అమ్మవారి మూర్తి భూమట్టమునకు ఇంచుమించు పది అడుగుల లోతున, బావిలో వెలసి యున్నది. ఆ నీటినే భక్తులు తీర్థముగా పుచ్చుకొందురు. ఒంటిమీది పొక్కులను, దద్దురులను ఆ నీరు మాన్పునని తరతరముల నమ్మకము. ఆషాఢమాసమున జరుగు కల్యాణమునకు చుట్టుపట్ల పేటలన్నియు కదలి వచ్చును.

అదే అమీరుపేటనుండి బేగంపేట వైపు తిరిగి పాత విమానాశ్రయపు చేరువకు పోయినచో మరియొక పాత కట్టడము కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను పటాలపు వైద్యుడు ఒక దోమ కడుపును చీల్చి, సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా క్రిమి అందు పెరుగుచుండుట కనుగొన్నది అచ్చటనే. నేడది ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి అధీనమున, రాస్ పేరిటనే యున్నది.

ఈ రెండు తావులకు నడుమ గంటలోపు నడక. ఒకరి దృష్టిలో బావి దేవతకు నెలవు. మరియొకరి దృష్టిలో బావి దోమకు నెలవు. ఈ రెండు దృష్టులును ఒకే గడపముందు ఎదురుపడినప్పుడు ఏమి జరిగెనో, నోటుపుస్తకము చేతబట్టి తలుపు తట్టినవారికి ఎట్టి మర్యాద దక్కెనో నేడు ముచ్చటింపదలచితిమి. ఈ కథను విజ్ఞానమునకును మూఢవిశ్వాసమునకును జరిగిన పోరుగా చెప్పుట పరిపాటి. అట్లు చెప్పినచో వినుటకు ఇంపుగానే యుండును గాని, అందు సగము మాత్రమే నిజము.

మన పల్లెలలో మశూచికము సోకిన యింట 'రోగము వచ్చినది' అనెడివారు కారు; 'అమ్మవారు పోసినది' అనెడివారు. గడపకు వేపమండలు కట్టెడివారు. ఆ యింట తాలింపు పెట్టరు. బట్టలు చాకలికి వేయరు. మండలను చూచిన పొరుగువారు గడప తొక్కరు. దీనిని కేవలము మౌఢ్యమని కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. వేపమండ ఇంటివారు తమంత తాము కట్టుకొన్న హద్దు. తరువాతి కాలమున సర్కారు కట్టిన హద్దులకును దీనికిని గల భేదము అదియే.

లష్కరు మహంకాళి కథయు ఇట్టిదే. 1813లో జంటనగరములలో మహమ్మారి చెలరేగి వేలకొలది జనులు మరణింపగా, పటాలముతో ఉజ్జయినికి పోయియున్న సురటి అప్పయ్య తన ఊరు బాగుపడిన విగ్రహము ప్రతిష్ఠింతునని అమ్మవారికి మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి ఆ మ్రొక్కు చెల్లించుకొనెననియు ప్రతీతి. అప్పయ్య పటాలములో డోలీ మోయువాడు. అనగా, గాయపడినవారిని, జబ్బుపడినవారిని భుజమున మోసికొనిపోవుట ఆతని కొలువు. నేటి మాటలో చెప్పవలెనన్న ఆతడును ఆరోగ్యకార్యకర్తయే. ఆ దేవతను ఈ నగరమునకు తెచ్చినవాడు అతడని భక్తులు ఎరుగుదురు గాని, ఆతని కొలువును గూర్చి తలచువారు తక్కువ.

ఇక రాస్ సంగతి. హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి తెరలోపల పరుండి దోమలచే కుట్టించుకొనుటకు ఒప్పుకొనెను. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ముట్టజెప్పెను. బేరము చిన్నదే గాని బేరమే. అడిగిరి, ఒప్పుకొనెను, సొమ్ము పుచ్చుకొనెను. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. మరల దీనితో పని కలదు.

బేగంపేటలో ఈ శాంతమైన బేరము జరుగుచుండిన వేసవి, వానకాలములలోనే పడమటి దిక్కున మరియొక తీరు నడచుచుండెను. 1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపెను. 1897 ఫిబ్రవరిలో సర్కారువారు అంటువ్యాధుల చట్టమును చేసిరి. అది నాలుగు సెక్షన్ల చిన్న చట్టము. ఆజ్ఞ మీరినవానికి శిక్ష కలదు. ఆజ్ఞ నడపిన యుద్యోగిపై దావా వేయుటకు వీలు లేదు. పూనాలో ప్లేగు సంఘమునకు అధ్యక్షుడైన రాండ్ దొర సోదాలకు సైనికులను దింపెను. వారు ఇంటింట జొరబడి, పరుపులు కాల్చి, సామానులు వీధిలో పడవేసి, రోగులను ఆసుపత్రికిని ఇంటివారిని శిబిరములకును తరలించిరి. పరపురుషులు స్త్రీల చంకలను, గజ్జలను తడిమి గడ్డలున్నవేమో చూచుట జనులకు భరింపరానిదయ్యెను. 1897 జూన్ 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చిరి. కొలది దినములకు అతడు మరణించెను. అప్పటికి సికిందరాబాదులో రాస్ దోమ రహస్యము బయటపడుటకు ఇంకను రెండు మాసములు లేవు.

అధికారిని కాల్చిన వార్త చరిత్రలో నిలిచినది. దానికి ముందే, 1896 అక్టోబరులో, బొంబాయి మిల్లు పనివారు ఆర్థరు రోడ్డు ఆసుపత్రిమీద పడిన సంగతి అంతగా ప్రచారములో లేదు. ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాడనియు, రోగుల యొడలినుండి మందునకై తైలము తీయుదురనియు వదంతి పుట్టెను. ఆ వదంతి అబద్ధమే. కాని ఆ దినములలో ప్లేగు ఆసుపత్రికి చేర్చినవారిలో పలువురు తిరిగి రాకుండుట మాత్రము అబద్ధము కాదు. ప్రాణముమీదికి వచ్చిన తరువాతగాని రోగిని చేర్చకుండుటయే అందుకు కారణములలో ఒకటి. భయముచేత ఆలస్యము, ఆలస్యముచేత మరణము, మరణముచేత భయము. ఈ చక్రమును త్రెంపగలవాడెవడు? రాళ్లు తగిలినదెవరికి? దొరలకు కాదు. వార్డులలో పనిచేయు మన నౌకర్లకు, డోలీ మోయువారికి.

రాస్ తానును ఈ వేడిని చవిచూచెను. 1898 ఫిబ్రవరిలో అతడు కలకత్తాకు చేరి, మనుష్యులలో మలేరియా పరిశోధన సాగింపదలచెను. ఇంతలో ప్లేగు టీకాను గూర్చిన భయము నగరమంతట వ్యాపించి, అల్లరులు చెలరేగెను. వ్రేలినుండి ఒక రక్తపుబొట్టు తీయబోయినను జనులు పారిపోవుచుండిరి. సూది కనబడినచో అది ప్లేగు సూదియే. సికిందరాబాదులో అణాకు దొరకిన నమ్మకము కలకత్తాలో రూపాయలిచ్చినను దొరకలేదు. రాస్ చేయునది లేక పక్షులవైపు తిరిగెను. మహమ్మద్ బక్ష్ అను సహాయకుని తోడ్పాటుతో ఆ సంవత్సరము జులైలో, దోమ కాటువలననే పక్షులకు మలేరియా సంక్రమించునని నిరూపించెను. పిచ్చుకలకు వదంతులు వినబడవు గదా! 1902లో అతనికి నోబెలు బహుమానము వచ్చెను. జనుల కోపము శాస్త్రమును ఆపలేదు, దారి మార్చినది.

ఆ సూదిని తయారుచేసిన హాఫ్కిన్ తన ప్లేగు మందును 1897 జనవరి 10వ తేదీన మొదట తన యొడలికే ఎక్కించుకొన్న మనుష్యుడు. అట్టివాని మందును జనులు శంకించుట అన్యాయమని తోచును. కాని 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున ఒక సీసా మందు కలుషితమై, టీకా వేయించుకొన్న 19 మంది ధనుర్వాతముచే చనిపోయిరి. నింద హాఫ్కిన్ మీద పడెను. తప్పు ప్రయోగశాలలో కాదు, సీసాను తెరచిన తావున జరిగినదని తేలి 1907లో అతడు నిర్దోషియగువరకు ఐదేండ్లు పట్టెను. అతనికై పత్రికలలో పోరినవారిలో మన బేగంపేట రాస్ ఒకడు. శాస్త్రజ్ఞునికి న్యాయము జరిగినది, సంతోషమే. ఆ పందొమ్మిదిమంది ఇరుగుపొరుగు గ్రామములవారు మరుసటి సంవత్సరము టీకాలవానిని చూచి తలుపులు మూసికొనినచో వారిని మూఢులనుటకు మాకు నోరు రాదు.

ఇప్పుడు బావులయొద్దకు వత్తము. దోమవలననే మలేరియా అని తేలిన తరువాత రోగమునకు చిరునామా దొరకెను. స్టెఫెన్సై అను జాతి దోమ నగరములలో శుభ్రమైన నిలువనీటిలో, ముఖ్యముగా బావులలో, తొట్లలో గ్రుడ్లు పెట్టును. రాస్ 1897లో కోసినది ఈ జాతి దోమయే కావలెనని పలువురి యూహ. ఇచ్చట ఒక చిక్కు కలదు. మురికికాలువలో పెరుగు దోమను ద్వేషించుట సులభము. తేటనీటిలో, తాత త్రవ్వించిన బావిలో, నిత్యము దీపము పెట్టు గట్టుక్రింద మృత్యువు పెరుగుచున్నదనిన ఎవరు నమ్ముదురు?

1911లో డాక్టరు బెంట్లీ బొంబాయి మలేరియాను గూర్చి నివేదిక సమర్పించి, ఆ నగరపు బావులే దోమలకు పుట్టినిండ్లని చూపెను. పురపాలక సంఘమువారు బావులను పూడ్పుమనియు, లేదా గాలి దూరకుండ మూయుమనియు తాఖీదులు పంపిరి. అంతట గొప్ప తగవు బయలుదేరినది. హిందువులు, ముస్లిములు, పారసీలు ముగ్గురును ఏకమై ఎదురుపడిన సందర్భములు అరుదు. ఈ బావుల విషయమున వారు ఏకమైరి. ఒకరి బావిలో దేవత, మరియొకరి బావిలో పీరు, వేరొకరి కర్మలకు సూర్యకిరణము సోకిన నీరే కావలెను. బావిని పూడ్చినవానికి కీడు మూడుననియు గట్టి నమ్మకము. అప్పటి పురపాలక కార్యదర్శి మసాని ఈ యర్జీలను చదివి నవ్వి ఊరకుండక, బావులను గూర్చిన నమ్మకములనన్నిటిని దేశదేశములనుండి సేకరించి 1918లో ఒక గ్రంథముగా ప్రకటించెను. కార్యాలయపు దస్త్రములనుండి ఇట్టి మంచి పుస్తకము పుట్టుట సాధారణముగా జరుగదు. ఉద్యోగివర్గమునకు చెందిన మాకు ఈ సంగతి కొంత యసూయను కలిగించుచున్నదని ఒప్పుకొందుము.

తుదకు కుదిరిన రాజీ విధమును శ్రోతలు గమనింపవలెను. మతకర్మలకు కావలసిన బావులకు మూత వేసి, మూతలో సన్నని తీగవల తలుపు నమర్చి, నీరు తోడుకొనుటకు వీలు కల్పించిరి. నీటికి వెలుగు తగులును. దోమకు దారి లేదు. దేవతను వెళ్లగొట్టకయే దోమను వెళ్లగొట్టు ఉపాయము అన్నినాళ్లు ఎవరికిని తోచకుండుటకు కారణము, తాఖీదు వ్రాసినవాడు బావిగట్టున కూర్చుండి ఆ యింటివారిని అడుగకుండుటయే.

మన నగరమున మార్పులు వేరొక దారిని వచ్చినవి. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకొనెను. 1911లో ప్లేగు ప్రబలినది. 1912లో నగరాభివృద్ధి సంఘము, అప్పటి మాటలో ఆరాయిష్ బల్దియా, ఏర్పడి, ఇరుకు పేటలను పడగొట్టి వీధులు వెడల్పు చేయించెను. అంటురోగుల ఆసుపత్రి 1915లో ఎర్రన్నగుట్టపై వెలసి, పిదప నల్లకుంటకు మారెను. జనులు దానిని 'కోరంటి దవాఖాన' అనిరి. క్వారంటైను అను మాట మన నాలుకపై నలిగి కోరంటి యైనది. మాట ముద్దుగానే యున్నది గాని, 'వానిని కోరంటికి తీసికొనిపోయినారు' అనుమాట వినిన పాతకాలపు ఇల్లాలి గుండె ఎట్లు ఝల్లుమనెడిదో అడిగి తెలిసికొనవలసినదే. విశ్వేశ్వరయ్యగారి యోజనతో 1920లో ఉస్మానుసాగరము, 1927లో హిమాయతుసాగరము పూర్తియయ్యెను. నల్లాలు వచ్చినవి; ఇంటిబావి అక్కర తీరినది. బొంబాయిలో తాఖీదులు చేయలేని పనిని ఇచ్చట గొట్టము చేసినది. పూడ్చుమని యెవరును జుట్టు పట్టుకొనకయే బావులు చెత్తకుప్పలై, పిదప మేడల పునాదులై మాయమైనవి.

1953లో దేశవ్యాప్తముగా మలేరియా నివారణోద్యమము మొదలైనది. అప్పటికి ఏటేట ఇంచుమించు ఏడున్నర కోట్లమందికి ఆ జ్వరము వచ్చుచుండెడిది. పదునైదేండ్లు తిరుగకమునుపే అది లక్షకు తగ్గెను. డి.డి.టి. చల్లువారు గోడలపై తెల్లని మరకలు విడిచి పోయెడివారు. పండుగ వచ్చినదని ఇల్లాండ్రు ఆ గోడలను పేడతో అలికి, సున్నము వేసి, మందునంతయు కప్పివేసెడివారు. వారికది శుభ్రత, మందువానికది అపచారము. 1976 నాటికి జ్వరము మరల 64 లక్షలమందిని పట్టుకొనెను. దోమలు మందునకు అలవాటుపడుటయు, పని సడలుటయు, ఇతర కారణములును పెక్కు కలవు గాని, ఆ అలికిన గోడ మా కన్నులకు కట్టినట్లుండును.

నేటి అమీరుపేట, పంజగుట్టలకు మరలుదము. హుస్సేనుసాగరమునకు నీరు తెచ్చుటకు పుట్టిన బంజారా నాలా, కూకటుపల్లి నాలా ఈ చుట్టుపట్లనే పారుచు మురుగునీటి కాలువలైనవి. 2000 ఆగస్టు 24వ తేదీన నగరమున 24 సెంటీమీటర్ల వాన కురిసి ఈ పేటలు జలమయమైనప్పుడు, నాలాలను వెడల్పు చేయవలెనను మాట బలపడెను. వెడల్పు చేయుటయనగా గట్టుమీది యిండ్లు తీసివేయుట. నాటినుండి నాలా గట్టున నివసించువారికి నోటుపుస్తకముతో వచ్చు ప్రతివారును గొలుసు పట్టుకొని కొలువవచ్చినవారే. 'ఇంట ఎందరున్నారు? ఎన్నాళ్లనుండి ఉన్నారు? ఎవరికైన జ్వరమా?' ఆశా కార్యకర్త అడుగు ప్రశ్నలకును, సర్వేవారు అడుగు ప్రశ్నలకును మొదటి రెండింటిలో భేదము లేదు. మూడవ ప్రశ్న అడుగకమునుపే తలుపు మూతపడును. ఒక్కొక్కప్పుడు తిట్లును వినబడును. 1912లో ఇరుకు పేటలు కూలినప్పుడు కారణముగా చెప్పినది ఆరోగ్యమే యని మరువరాదు.

ఆశా కార్యకర్తల పద్ధతి 2005లో ఏర్పడినది. వీరు ఆ పేటవారే. నెలజీతపు ఉద్యోగినులుగా గాక, చేసిన పనినిబట్టి పారితోషికము పొందుదురు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరిని సత్కరించినది. దానికి రెండేండ్లకు ముందు, కరోనా కాలమున, దేశమున పెక్కుచోట్ల ఇంటింటి విచారణకు పోయిన వీరిపై దాడులు జరిగినవి. మన గాంధీ ఆసుపత్రిలోనే 2020 ఏప్రిల్ 1న ఒకసారి, జూన్ 9న మరియొకసారి, చనిపోయిన రోగుల బంధువులు వైద్యులపై చేయిచేసికొనిరి. ఆ ఏప్రిల్ నెలలోనే నెల్లూరికి చెందిన వైద్యుడొకరు మద్రాసులో కరోనాచే మరణింపగా, అంబత్తూరు శ్మశానమున దహనమునకు స్థానికులు అడ్డుపడిరి. ఆ దహనమువలన రోగము తమ పేటకు అంటునని వారి భయము. ప్రాణము పోసినవానికి నాలుగు కట్టెలు పెట్టనీయకపోవుట కంటె హీనమైన సంగతి మరియొకటి తలంపునకు రాదు. దీనికి మేము చరిత్రలో కారణములు వెదకి ఊరట పొందజాలము.

2020 ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వము 1897 నాటి చట్టమును సవరించెను. ఆరోగ్యసిబ్బందిపై దాడి చేసినవారికి మూడు మాసములనుండి ఐదేండ్ల వరకు ఖైదు, 50 వేలనుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. తీవ్రముగా గాయపరచినచో ఏడేండ్ల వరకు శిక్ష. సెప్టెంబరులో పార్లమెంటు దీనిని ఆమోదించెను. పూర్వము ఇంటిలోనికి జొరబడు అధికారిని కాపాడిన చట్టము, 123 సంవత్సరముల తరువాత, గడప వెలుపల నిలిచిన కార్యకర్తను కాపాడుటకు పూనుకొనెను. అవసరమైన సవరణయే. కాని మూతపడిన తలుపును తెరపించు సెక్షను ఏ చట్టమునను లేదు.

ఇటీవల పంజగుట్ట చేరువ నొక గల్లీలో మేము చూచినది చెప్పి ముగింతుము. నల్లానీరు రోజు విడిచి రోజు వచ్చు తావది. దోమల విచారణకై వచ్చిన కార్యకర్త ఒక డ్రమ్ములో కూనలను చూచి, నీరు పారబోయుమనెను. ఇంటావిడ కొంగు బిగించి, "నల్లా మళ్ల ఎల్లుండొస్తది. పారబొయ్యమంటున్నవ్, నువ్వు తెచ్చిస్తవా?" అని కేకలు వేసెను. చుట్టుప్రక్కల వారు పోగైరి. ఆ పిల్ల వాదింపలేదు. కొంతసేపు ఊరకుండి, "పాత పంచె ఏమన్న ఉన్నదా అక్కా?" అని యడిగెను. పంచె వచ్చినది. ఇద్దరును చెరియొక అంచు పట్టుకొని ఆ నీటిని వడగట్టి వేరొక డ్రమ్ములో పోసిరి. పంచెలో చిక్కిన కూనలు మోరీగట్టు ఎండలో గిలగిల కొట్టుకొనుచుండగా, ఆ పంచెనే ఉతికి డ్రమ్ము మూతికి త్రాటితో బిగించిరి. కార్యకర్త గోడమీద సుద్దముక్కతో తేదీ వ్రాసి పక్క యింటి తలుపు తట్టెను.